స్లాగ్ విడో వ్యానులో ఓ పద్యనాటకం మనిషి

కెనడా వెళ్ళి నయాగరా చూడకుండా తిరిగొచ్చిన మనిషి గుడివాడలో బహుశా నేనొక్కణ్ణే. వచ్చిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ కాఫీ చేతిలోకి తీసుకోగానే అదే అడుగుతున్నారు. "జలపాతం ఎలా ఉంది మాస్టారూ?" చూడలేదంటాను. "మరి ఇన్నాళ్ళూ అక్కడ ఏం చేశారు?" గొంతు చించుకుని అరిచే ఒక బ్యాండుతో వ్యానులో తిరిగానంటాను. వాళ్ళు కప్పు కిందపెట్టి మా ఆవిడ వంక చూస్తారు. ఆవిడ నిజమేనన్నట్టు జాలిగా తలూపుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాసేస్తున్నాను.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాను. అది పొట్టకోసం. ప్రాణం మాత్రం పద్యనాటకం. నాకు మొదట్నుంచీ రాక్షస వేషాలే ఇచ్చారు. ఒడ్డూ పొడుగూ, గొంతూ చూసి ఇచ్చారని నేనంటాను, ముఖం చూసి ఇచ్చారని మా ఆవిడంటుంది. మైకు లేకుండా ఆఖరి వరస దాకా అక్షరం అక్షరం వినిపించగలను. ఈ ప్రయాణంలో నన్ను గట్టెక్కించిందీ ఆ గొంతే, ముంచిందీ ఆ గొంతే.

రిచ్‌మండ్ హిల్: మర్యాదస్తుల ఊరు

రిచ్‌మండ్ హిల్ తెలుగువాళ్ళు ఉగాది కార్యక్రమంలో ఏకపాత్రాభినయం చెయ్యమని టికెట్టు పంపారు. విమానాశ్రయంలో ఒక ఆఫీసరు నా సంచిలోని కరక్కాయల పొట్లం విప్పి, ఒకటి వాసన చూసి, ఇదేమిటన్నాడు. గొంతు బాగుండటానికి బుగ్గన పెట్టుకుంటామని చెప్పాను. అతను నమ్మలేదు. ఒకటి నోట్లో వేసుకుని చూపించాను. నా ముఖం చూసి, ఇంత చేదుగా ఉన్నది మత్తుపదార్థం అయ్యే అవకాశం లేదని నిర్ణయించుకున్నట్టున్నాడు, పొమ్మన్నాడు.

నన్ను దింపుకున్నది ప్రసాద్ గారు. హైదరాబాదు మనిషి, అమెరికాలో కొన్నేళ్ళు ఉండి ఇటు వచ్చారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ఫ్రిజ్ ఆగినప్పుడు మనకి భయమేస్తుంది. నేను మామూలుగా "మంచినీళ్ళు" అన్నా వాళ్ళబ్బాయి మేడమీద నుంచి దిగొచ్చి, "డాడ్, ఈజ్ హీ యాంగ్రీ?" అని అడిగేవాడు.

కార్యక్రమం బాగా జరిగింది. పులిహోర కూడా బాగుంది. జనం ఆఖరున లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, "ఎక్స్‌లెంట్ అండీ" అన్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఒక్కరంటే ఒక్కరు కూడా "వన్స్ మోర్" అనలేదు.

నాటకాలు చూడనివాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పాలి. మా వైపు పద్యం నచ్చితే జనం ఆఖరుదాకా ఆగరు. అక్కడికక్కడే "వన్స్ మోర్" అని కేక పెడతారు. కథ ఎక్కడుందన్న లెక్కలేదు. నటుడు ఆగి, అదే పద్యం మళ్ళీ పాడాలి. చచ్చిపోయే పాత్రయినా సరే. కిందపడి ప్రాణం విడిచాక వన్స్ మోర్ పడితే, లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ చావాలి. నేను దివిసీమలో ఒకసారి ఒకే నాటకంలో మూడుసార్లు చచ్చాను. చంపినవాడు పాపం బాణం పట్టుకుని పక్కన నిలబడి ఆవలించాడు. ఆ భాగ్యం ముందు ఈ చప్పట్లేం సరిపోతాయి?

మర్నాడు పొద్దున్న మా తమ్ముడి కూతురు లావణ్య కారేసుకుని వచ్చింది. చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తోంది. నన్ను నయాగరా తీసుకెళ్ళాల్సింది తనే. నల్ల బనీను తొడుక్కుంది. దానిమీద ఎండుకంపలు కుప్పపోసినట్టు ఏదో బొమ్మ.

"అది బొమ్మ కాదు పెదనాన్నా, మా బ్యాండ్ పేరు."

ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి అక్షరాలు అందంగా రాయడం నేర్పినవాణ్ణి, తల అటు తిప్పీ ఇటు తిప్పీ చూసినా ఒక్క అక్షరం దొరకలేదు. స్లాగ్ విడో అట. ఉక్కు కరిగించాక మిగిలే మడ్డిని స్లాగ్ అంటారని, ఆ మడ్డి తాలూకు వితంతువు అని అర్థమని చెప్పింది. ఈ పేరు ప్రసాద్ గారింట్లో పైకి అనొద్దని నేనే సైగ చేశాను.

కారెక్కాక అసలు సంగతి చెప్పింది. "పెదనాన్నా, నయాగరా ఎక్కడికీ పోదు. మా బ్యాండే పోయేలా ఉంది. ఈ వీకెండ్ రెండు షోలున్నాయి, ఇవాళ హామిల్టన్, రేపు లండన్. మా సింగర్ డగ్‌కి గొంతు పాడైంది. ఈ రెండు షోల్లో గొంతు నిలబడితేనే కంటిన్యూ చేస్తానన్నాడు. లేకపోతే క్లోజ్."

"నువ్వేం వాయిస్తావమ్మా?"

"డ్రమ్స్."

మా తమ్ముడు మాత్రం కూతురు కెనడాలో వీణ నేర్చుకుంటోందని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

"పోతే పోయింది, ఇంకో బ్యాండు చూసుకోవచ్చుగా" అన్నాను తేలిగ్గా.

లావణ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నేను హామిల్టన్ వచ్చిన మొదటి చలికాలం, హాస్పిటల్‌లో 'ఊపిరి బిగపట్టండి, కదలకండి' అనడం తప్ప రోజంతా ఇంకో మాట మాట్లాడే పని ఉండేది కాదు. రూముకొస్తే గోడలు. అప్పుడు వీళ్ళు డ్రమ్మర్ కావాలంటే అప్లై చేశా. ఈ దేశంలో నేను రాకపోతే ఎందుకు రాలేదని అడిగేది వీళ్ళు నలుగురే పెదనాన్నా."

మరి నయాగరా మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

హామిల్టన్: డగ్ ఇంటి కింద గది

హామిల్టన్‌లో దిగగానే సరస్సు ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి. డగ్ ఇల్లు వాటికి దగ్గర్లోనే. నేను జడలు కట్టిన జుట్టూ, ఎర్ర కళ్ళూ ఉన్న మనిషిని ఊహించుకుని వెళ్ళాను. తలుపు తీసింది నా వయసుకి కాస్త తక్కువ ఉన్న బట్టతల మనిషి. కళ్ళజోడు, ఉన్ని చెప్పులు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వంటింటి ఏప్రన్ కట్టుకుని ఉన్నాడు. లావణ్యని సరిగ్గా లావణ్య అనే పిలిచాడు, ణకారంతో సహా. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టిందని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

మాకు పిరోగీలు చేసి పెట్టాడు. ఇవి మన కజ్జికాయల్లాగే ఉంటాయి, లోపల కొబ్బరి బదులు బంగాళదుంప. ఉడకబెట్టి, వెన్నలో వేయించి, పైన గట్టి పుల్ల మీగడ వేస్తారు. నేను సంచిలోంచి గోంగూర పచ్చడి తీసి అద్దుకున్నాను. డగ్ కూడా అద్దుకున్నాడు. ఆ తర్వాత మీగడ గిన్నె పక్కకి జరిపేశాడు.

గిటార్లు వాయించే ఇద్దరు, బేస్ వాయించే ఒకడు కూడా వచ్చారు. ముగ్గురికీ నడుం దాకా జుట్టు, ముగ్గురికీ ఒకే గడ్డం. ప్రయాణం పూర్తయ్యేదాకా ఎవరు ఎవరో నాకు తెలియలేదు. వాళ్ళు మాట్లాడరు కూడా. అరిచే సంగీతం వాయించేవాళ్ళు మామూలప్పుడు ఇంత మెత్తగా ఉంటారని ఎవరైనా ముందే చెబితే బాగుండేది.

భోజనమయ్యాక డగ్ కింద గదిలోకి తీసుకెళ్ళి తన బ్యాండు చరిత్ర చెప్పాడు. గోడకి రికార్డుల అట్టలు వరసగా తగిలించి ఉన్నాయి. అన్నిటిమీదా అవే ఎండుకంపలు.

"ఈ మొదటిది విన్నావా? లోకంలో ఇంత వేగంగా ఎవరూ వాయించలేదని పత్రికల్లో రాశారు. పెట్టుబడి మీద తిరుగుబాటు అన్నారు" అని ఒక పాట పెట్టాడు. కుట్టుమిషను తొక్కినట్టుంది.

"నిజంగా తిరుగుబాటేనా?"

"మా అప్పటి డ్రమ్మర్ దూరం నుంచి వచ్చేవాడు. ఆఖరి బస్సు తప్పిపోతుందని అన్ని పాటలూ గబగబా కొట్టేసేవాడు. మేము వాడి వెనక పరిగెత్తాం, అంతే."

రెండో రికార్డు ఎద్దుబండి నడకలో ఉంది. మూతపడుతున్న ఫ్యాక్టరీల దుఃఖమంతా అందులో ఉందని విమర్శకులు రాశారట. అసలు సంగతి, అదే డ్రమ్మరు ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. మూడోదాంట్లో కీబోర్డు వచ్చింది. ఎందుకంటే ఆ ఏడాది వాళ్ళలో వ్యాను ఉన్నది కీబోర్డు వాయించే మనిషి ఒక్కడికే. అభిమానులు మండిపడి, ఒకడు రికార్డుని రెండు ముక్కలు చేసి పోస్టులో తిరిగి పంపాడు. డగ్ ఆ ముక్కల్ని కూడా ఫ్రేము కట్టించాడు. నాలుగోది వచ్చేసరికి అతని గొంతు దిగింది, గొంతుతోపాటు గిటార్ల శ్రుతి కూడా దించారు. పాతాళంలోంచి వస్తున్న భయంకర నాదం అని పొగిడారట.

నాకు డగ్ మీద ఒక్కసారిగా బంధుప్రీతి పుట్టుకొచ్చింది. మా నాటక సమాజంలోనూ ఇదే కథ. ఒకప్పుడు నాలుగు శ్రుతిలో పాడిన మేమంతా ఇప్పుడు రెండున్నరకి దిగాం. హార్మోనిస్టు మా ముఖాలు చూసి, ఎవరికీ చెప్పకుండా మెట్టు మారుస్తాడు. గాంభీర్యం పెరిగిందని జనం మెచ్చుకుంటారు.

"ఇక అయిదోది" అన్నాడు డగ్. "లావణ్య వచ్చింది. మళ్ళీ వేగం వచ్చింది. ఈసారి బస్సు కోసం కాదు. ఈ అమ్మాయి కొడితే వెంట్రుకవాసి తేడా రాదు. నా గొంతే ఇప్పుడు అందుకోలేకపోతోంది."

అతని గొంతులో కాయలు కాశాయట. ఆఖరున పాడే పెద్ద పాట ఒకటుంది, అది రోజుకి ఒక్కసారే పాడాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను వెంటనే కరక్కాయ ముక్క ఇచ్చాను. డగ్ బుగ్గన పెట్టుకుని, కళ్ళనీళ్ళు తిరుగుతున్నా ఉమ్మకుండా, "ఇది పనిచేస్తుందా?" అన్నాడు.

"నలభయ్యేళ్ళుగా వాడుతున్నాను."

"నీ గొంతు కూడా నా గొంతులాగే ఉందిగా?" అన్నాడు. నేనూ ఒక ముక్క బుగ్గన పెట్టుకున్నాను.

ఆ పాటలో మాటలేమిటని లావణ్యని అడిగాను. "ఎవరికీ తెలీదు పెదనాన్నా. రికార్డు మీద కూడా వెయ్యడు. ఈ మ్యూజిక్‌లో మాటలు అర్థం కాకూడదు, అదే పద్ధతి" అంది. ప్రతి అక్షరం వినబడకపోతే హార్మోనిస్టు చేత తిట్లు తిన్నవాణ్ణి నేను. దేశానికో తీరు అనుకున్నాను.

హామిల్టన్: చచ్చినవాడు లేచిన సాయంత్రం

హాలు బయట బనీను నలభై డాలర్లు, లోపల చెవుల్లో పెట్టుకునే బిరడాలు రెండు డాలర్లు. వినడానికి టికెట్టు కొన్న జనం, వినబడకుండా ఉండటానికి మళ్ళీ డబ్బు పెట్టి వరసలో నిలబడటం నేను అక్కడే చూశాను. నేను బిరడాలు కొనలేదు. రాక్షస వేషగాడికి బిరడాలేమిటని పౌరుషపడ్డాను. మొదటి పాట మధ్యలో వెళ్ళి రెండు జతలు కొనుక్కున్నాను.

రెండో పాటకి హాలు మధ్యలో కొట్లాట మొదలైంది. ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటున్నారు, తోసుకుంటున్నారు. ఎవరూ విడదీయడం లేదు. నాకు స్కూలు అలవాటు ఎక్కడికి పోతుంది? మధ్యలోకి వెళ్ళి చేతులు చాచి, "ఆపండి! ఏమిటిది, పెద్దమనుషులు!" అన్నాను. నన్ను కూడా తోశారు. బొక్కబోర్లా పడ్డాను. అంతే, అందరూ ఠక్కున ఆగిపోయి, నలుగురు నన్ను లేవదీసి, దుమ్ము దులిపి, కళ్ళజోడు వెతికి పెట్టి, "ఆర్ యూ ఓకే, సర్?" అని అడిగి, గోడపక్కన నిలబెట్టి, మళ్ళీ వెళ్ళి కొట్టుకున్నారు. అది వాళ్ళ నాట్యమట. మా నాటక పోటీల్లో కిందపడితే లేవదీసేవాడు లేడు, మార్కులు తగ్గించేవాడే ఉన్నాడు.

ఆ తర్వాత లావణ్యని చూశాను. మా ఇంట్లో గారెలకి పప్పు రుబ్బమంటే చేతులు నొప్పులనే పిల్ల, రెండు చేతులూ రెండు కాళ్ళూ నాలుగు దారుల్లో పరిగెత్తిస్తోంది. ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

ఆఖరి పాట వచ్చింది. డగ్ ఇప్పుడు ఆ ఏప్రన్ కట్టుకున్న మనిషి కాడు. ఇనుము చీల్చుతున్నట్టు అరిచాడు. పాట చివర మోకాళ్ళమీద పడి, ఒరిగి, స్టేజి మీద చచ్చినట్టు పడిపోయాడు. దీపాలు ఆరాయి.

ఎంత చావు అది! నలభయ్యేళ్ళుగా చావులు ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. రిచ్‌మండ్ హిల్లో నాకు దక్కనిది ఈ మనిషికి దక్కి తీరాలనిపించింది. ఛాతీ నిండా గాలి తీసుకుని కేక పెట్టాను.

"వన్స్ మోర్!"

జనం వెనక్కి తిరిగి చూశారు, నవ్వారు. ఆ తర్వాత ఆ నవ్వులోంచి ఒక్కొక్కరూ అందుకున్నారు. వన్స్ మోర్! వన్స్ మోర్! హాలు కప్పు లేచిపోయింది. వాళ్ళ పద్ధతి ప్రకారం ఆఖరున కొత్త పాట ఏదైనా అడుగుతారట, పాడిన పాటే మళ్ళీ అడగరట. ఈ సంగతి నాకెలా తెలుస్తుంది?

డగ్ లేచాడు. కళాకారుడు కదా, లేవకుండా ఎలా ఉంటాడు? అదే పాట మళ్ళీ పాడాడు, మళ్ళీ చచ్చాడు. నాకు ఆనందంతో కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఇంకోసారి కేక పెట్టాను. అతను మళ్ళీ లేచాడు. డ్రమ్ముల వెనక లావణ్య నా వైపు చూసి చేతులూపుతోంది. సంతోషం పట్టలేక ఊపుతోందనుకుని నేనూ ఊపాను.

దారిలో: మాటల్లేని వ్యాను

పొద్దున్న డగ్ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

వ్యాను నడుపుతున్నాడు. పక్కన గిటారతను. వెనక మేము. కిటికీ బయట దున్నని పొలాలు, అక్కడక్కడ మూలల్లో కరగని మంచు, ఎర్ర కొట్టాలు. ఆ అందమంతా నాకేం ఎక్కుతుంది? లావణ్య నాతో మాట్లాడటం లేదు. కాఫీ కోసం ఆగినప్పుడు మాత్రం ఒకచోట పక్కకి పిలిచి, ఒక్క గుక్కలో అనేసింది.

"ఆ పాట రోజుకి ఒక్కసారే అని డాక్టర్ చెప్పాడని మీకు తెలుసు కదా! మూడుసార్లు పాడించారు. ఇవాళ గొంతు లేకపోతే అయిపోయినట్టే. నేను చేతులూపింది ఆపమని!"

"మా నాటకాల్లో అయితే..."

"పెదనాన్నా, ఇది నాటకం కాదు."

కాఫీతోపాటు కొన్న డోనట్ మధ్యలో చిల్లు వంక చూస్తూ కూర్చున్నాను. తినబుద్ధి కాలేదు. కాసేపాగి తిన్నాను. డగ్ వచ్చి నా భుజం తట్టి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. కోప్పడినా బాగుండేది.

లండన్: మిరియాల చారు, వేడినీళ్ళు

కెనడాలోనూ లండన్ ఉంది, అందులో థేమ్స్ అనే నది కూడా ఉంది. మా బస లావణ్య పాత రూమ్మేటు మౌనిక ఇంట్లో. కరీంనగర్ వైపు అమ్మాయి, అక్కడే చదువుకుంటూ సాయంత్రాలు ఒక కొట్లో పని చేస్తోంది. ఇల్లంతా స్టూడెంట్లు. గుమ్మంలో చెప్పుల గుట్ట చూస్తే లోపల పెళ్ళి జరుగుతోందనుకుంటాం.

సంగతి విని మౌనిక, "ఏం ఫికర్ చేయకుండ్రి అంకుల్. మిరియాల చారు తాగితే గొంతు అదే వస్తది. రాకపోతే కనీసం ముక్కన్న తెరుచుకుంటది" అంది.

డగ్ మూడు గ్లాసులు తాగాడు. ముక్కు తెరుచుకుంది, చెవులు ఎర్రబడ్డాయి, బట్టతల మీద చెమటలు పట్టాయి. గొంతు మాత్రం రాలేదు. షో మధ్యాహ్నం. రద్దు చేద్దామని అతను చేత్తో మెడ మీద అడ్డంగా గీసి చూపించాడు. లావణ్య వంటింట్లోకి వెళ్ళిపోయి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది.

అప్పుడు గిటారువాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నెమ్మదిగా నా వైపు తిరిగారు.

డగ్ బదులు నన్ను అరవమని వాళ్ళ ఉద్దేశం. అయినా కాదనడానికి నాకేం ముఖముంది? చేసింది నేనేగా. మాటలతో పనిలేదు, ఏదో ఒకటి అరిస్తే చాలని చేతులతో చూపించారు. నేను హాల్లో నిలబడి, కాళ్ళు ఎడం చేసి, ఆ క్షణంలో నోటికొచ్చినదాన్ని రాక్షస ఫక్కీలో ఎత్తుకున్నాను.

"ఎవడురా ఆ స్నానాలగదిలో! ఎంతసేపురా నీ స్నానం! వేడినీళ్ళన్నీ నీవేనా దుర్మార్గుడా!"

మేడమీద నుంచి తలుపు తెరుచుకున్న చప్పుడు, వెంటనే ఒక గొంతు. "అయిపోయింది అంకుల్! సబ్బు కడుక్కుంటున్న! రెండు నిమిషాలు!"

మౌనిక నవ్వలేక సోఫాలో కూలబడింది. గిటారువాళ్ళలో ఒకడు, ఎవడో చెప్పలేను, ప్రయాణం మొత్తంలో మొదటిసారీ ఆఖరిసారీ నోరు విప్పాడు. "నాకు మీ భాష రాదు. కానీ మీరేమన్నారో మొత్తం అర్థమైంది. ఇది మాకు పనికిరాదు."

జన్మలో నా ఉచ్చారణకి అంత పెద్ద మెప్పు రాలేదు. అది పనికిరాకపోవడం కూడా ఎన్నడూ జరగలేదు.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న డగ్ లేచాడు. వంటింటి గుమ్మం దగ్గరకెళ్ళి, గ్లాసులు కడుగుతున్న లావణ్యని కాసేపు చూశాడు. తర్వాత వ్యాను తాళాలు తీసి గలగలలాడించాడు. వెళ్దాం పదండి అని.

లండన్: బింగోకి ముందు

షో ఇచ్చే హాలు మాజీ సైనికులది. సాయంత్రం అక్కడ ముసలివాళ్ళ బింగో ఉంది, మన తంబోలా లాంటి ఆట. అందుకని మావాళ్ళకి మధ్యాహ్నం ఇచ్చారు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. గోడలకి పతకాలు పెట్టుకున్న సైనికుల ఫొటోలు, వాటి కింద ఒళ్ళంతా పచ్చబొట్లున్న జనం. సగంమంది హామిల్టన్ నుంచి వెంట వచ్చినవాళ్ళే. నన్ను గుర్తుపట్టి చేతులూపారు. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, పెదాలు బిగించి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఒట్టు.

మొదటి పాటలు మాటల్లేకుండా వాయించారు. డగ్ మైకు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. జనం మర్యాదగా ఓర్చుకున్నారు, కానీ హాలు మధ్యలో ఎవరూ తోసుకోలేదు. ఒకరిద్దరు బయటికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. డ్రమ్ముల వెనక లావణ్య దవడలు బిగుసుకుని ఉన్నాయి. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటే చిన్నప్పట్నుంచీ అలాగే ఉంటుంది.

ఆఖరి పాటకి డగ్ మైకుని పెదాలకి ఆనించుకుని, గుసగుసలాడటం మొదలుపెట్టాడు. డ్రమ్ముల హోరులో ఒక్క ముక్క వినబడలేదు. పెదాలు కదులుతున్నాయి, అంతే. లావణ్య తలెత్తి అతని వీపు వంక చూసింది. కొట్టే వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. పుల్లలు పక్కన పెట్టేసింది. చేతివేళ్ళతో, ఎవరో మేజోళ్ళతో చెక్కమెట్లు దిగుతున్నట్టు, వాయించింది. గిటార్లవాళ్ళు కూడా ఆమెని చూసి తగ్గిపోయారు.

అప్పుడు వినబడ్డాయి మాటలు. ఇంగ్లీషులోనే, నాక్కూడా అర్థమయ్యేంత చిన్న మాటలు.

తలుపు నెమ్మదిగా వెయ్యి. చెంచా కప్పుకి తగలనివ్వకు. మెట్లలో మూడోది కిర్రుమంటుంది, దాటి రా. నాన్న నిద్రపోతున్నాడు. రాత్రంతా కొలిమి ముందు నిలబడ్డాడు, ఇప్పుడే పడుకున్నాడు. నవ్వొస్తే దిండులో నవ్వు. ఏడుపొస్తే వీధిలోకి పో.

ఇన్నేళ్ళుగా ఆ మనిషి ఊరంతా దద్దరిల్లేలా అరిచింది ఇదా! రాత్రి డ్యూటీ చేసొచ్చిన తండ్రి పగలు నిద్రపోయే ఇల్లు. పిల్లలు నోరెత్తకుండా పెరిగిన ఇల్లు. నా పక్కన పుర్రె పచ్చబొట్టున్న ఓ భారీ మనిషి, చేతిలో ఖాళీ సీసా ఉంటే, అది బల్లమీద పెట్టడానికి వంగి, చప్పుడు కాకుండా, పసిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. "మా నాన్న కూడా" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

పాట అయిపోయింది. డగ్ ఈసారి కిందపడలేదు. మైకు దించి నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా నోరు ఊరుకోవడం లేదు, పళ్ళ మధ్య నాలుక కరుచుకున్నాను. డగ్ ముఖం చూశాను. అయిపోయిందనుకున్నాడని తెలిసిపోతోంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

అప్పుడు ముందు వరసలో ఒక చెయ్యి పైకి లేచింది. చూపుడువేలూ చిటికెనవేలూ చాపి, కొమ్ముల్లాగా. వాళ్ళ నమస్కారం అది. దాని వెనక ఇంకోటి. హాలంతా చేతులు లేచాయి. ఎవరి నోటా మాట లేదు. ఎవరి కాలూ కదలలేదు. నిద్రపోతున్న మనిషి లేస్తాడేమోనన్నట్టు, అంతమందీ ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటూ చేతులెత్తి నిలబడ్డారు. నేనూ జేబులోంచి చెయ్యి తీసి ఎత్తాను. డగ్ కళ్ళజోడు పెట్టుకుని అందరినీ చూశాడు. ఒక చేత్తో నోరు మూసుకుని ఏడ్చాడు, చప్పుడు లేకుండా.

వెనక తలుపు తెరుచుకుని బింగో అమ్మమ్మలు ఇద్దరు తొంగిచూశారు. "ఏమిటింత నిశ్శబ్దం? గొడవపాటల వాళ్ళు రాలేదా?" అని ఒకావిడ రెండో ఆవిడని అడిగింది.

సామాను వ్యానులోకి ఎక్కించేసరికి ఇంకా ఎండ ఉంది. అమ్మమ్మలు బింగో అంకెల మీద చుక్కలు పెట్టే రంగుకలాలు పట్టుకుని మా పక్కనుంచి లోపలికి వెళ్తున్నారు. లావణ్య పెద్ద డ్రమ్ము పెట్టె ఒక కొస పట్టుకుని, రెండో కొస ఎవరైనా పడతారని చూస్తోంది. అది ఆఖరిసారి మోయడమో కాదో ఇంకా తేలలేదు. అడగడానికి భయపడుతోంది.

డగ్ ఆమె దగ్గరకి వచ్చాడు. చెవి దగ్గర వంగి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"మొదటి రికార్డులో మొదటి పాట నుంచి అన్నీ మళ్ళీ చెయ్యాలి. అన్నిటిలోనూ మాటలున్నాయి. ఇలాగే, ఇంతకన్నా మెల్లగా. చాలా కాలం పడుతుంది. నువ్వు ఉంటావా?"

లావణ్య పగలంతా బిగపట్టుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చేసింది. పెట్టె వదలకుండానే, బుగ్గలు భుజానికి తుడుచుకుని, తలూపింది.

"ఉంటాను" అంది. తెలుగులోనే అంది.

డగ్ పెట్టె రెండో కొస పట్టుకుని ఎత్తాడు.